నడి ఏట్లో ఆగే మోటారు

రాయచూరులో నాది స్ప్రేయర్లు బాగుచేసే దుకాణం. రైతులు వీపుకు తగిలించుకుని పొలాలకు మందు కొడతారే, ఆ పెట్రోలు మిషన్లు. మా నాన్న పెట్టిన దుకాణం. ఆయన పోయాక ఇక ఆ షట్టరు లేవదని బజారంతా అనుకుంటుంటే నేనే వెళ్లి ఎత్తాను. ఆడమనిషి ఇంజను విప్పుతోందట, చూద్దాం పద అని తమాషాకు వచ్చినవాళ్లే మెల్లగా నా గిరాకీలయ్యారు. నాకు నోరెక్కువని పేరు. నిజమే, కాదనను. పని రానివాడి మీద అరుస్తాను, పని వచ్చి నిర్లక్ష్యం చేసేవాడి మీద ఇంకా గట్టిగా అరుస్తాను. కానీ నేను చేసిచ్చిన మిషను అదే జబ్బుతో మళ్లీ నా గడప ఎక్కడం అన్నది ఆ పడవ మోటారు వచ్చేదాకా ఎరగను.

అది ఆటోలో గోనెసంచి చుట్టుకుని వచ్చింది. పడవ వెనక చెక్కకు బిగించే పాతకాలపు మోటారు. పైన గుండ్రటి పెట్రోలు టాంకీ, తాడు చుట్టి లాగే చక్రం, ఒకే సిలిండరు, కింద నీళ్లలో తిరిగే రెక్క. పేరు రాసి ఉన్నచోట రంగంతా రాలిపోయి లోపలి లోహం తేలింది. నాకంటే పెద్దదే అయి ఉంటుంది. పైన మూత ఎప్పుడో పోయింది. రవ్వ పుట్టించే ప్లగ్గు, దాని వైరు అన్నీ గాలికీ వానకూ బయటే ఉన్నాయి. ఒళ్లంతా జిడ్డు.

ఆ సమయానికి కాలవ కింది క్యాంపు నుంచి స్ప్రేయరు తెచ్చుకున్న రైతు ఒకాయన నా బల్ల దగ్గర ఉన్నాడు. ఆయన తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ క్యాంపు కట్టుకుని వరి మొదలుపెట్టారు. మాట మాత్రం ఇంకా అక్కడిదే.

"ఏవమ్మా, పడవలు కూడా మొదలెట్టారా? ఇక విమానాలొక్కటే మిగిలాయి మీకు."

"మీ మిషను అయిపోయిందండీ, తీసుకుని బయల్దేరండి" అన్నాను.

మోటారు తెచ్చినతను మా చిన్న తమ్ముడి ఈడువాడు. కృష్ణ నడిమధ్యలో గడ్డ మీద వాళ్ల ఊరు. చుట్టూ నీళ్లు. వెనకటికి గుండ్రటి వెదురు పుట్టి మీదే ఇవతలికి దాటేవాళ్లు. తర్వాత ఇతను ఒక ఇనప పడవ సంపాదించి, పాతసామాన్ల దుకాణంలో పడి ఉన్న ఈ మోటారు దానికి తగిలించాడు. ఊరి మొత్తానికి మోటారు పడవ అదొక్కటే.

"ఏం చేస్తది?" అని అడిగాను.

"మంచిగనే స్టార్ట్ అయితది అక్కా. సగం ఏరు దాటినంక దగ్గుతది. ఆగిపోతది. ఒక్కోసారి నెల దినాలు ఏమనదు. మళ్ల గట్లనే."

నా దగ్గరికి ఏది వచ్చినా ముందు పెట్రోలుతో కడుగుతాను. మురికి మీద చెయ్యిపెట్టి పనిచేయడం మా నాన్నకు గిట్టేది కాదు, నాకూ గిట్టదు. ప్లగ్గు విప్పి పైనుంచి కిందిదాకా బ్రష్షుతో రుద్ది తెల్లగా చేశాను. తర్వాత చక్రం తీసి లోపల చూశాను. చక్రం తిరిగేకొద్దీ కలుసుకుని విడిపోయే చిన్న లోహపు ముక్కలు రెండుంటాయి, పాయింట్లంటాం. వాటి మీద గుంటలు పడ్డాయి. పక్కనున్న కండెన్సరు, అంటే కరెంటును కాసేపు పట్టి ఉంచే చిన్న డబ్బీ, పాతబడి ఉంది. పాయింట్లు సానబెట్టాను, కండెన్సరు మార్చాను. మోటారును నీళ్ల డ్రమ్ముకు బిగించి తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది. బజారంతా పొగ. నేను గొప్పగా అతని వైపు చూశాను.

అతని ముఖంలో సంతోషం లేదు.

"బాగైతే చాలదక్కా. ఎందుకు ఆగుతుండెనో చెప్పు."

"నీకెందుకయ్యా ఆ పంచాయితీ? పడవ నడుస్తే సరిపాయె గదా."

అతను డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడి చెప్పాడు. పోయిన ఏడాది వానకాలంలో ఒక మధ్యాహ్నం వాళ్ల నాన్నకు ఎదలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టి ముసలాయన పడిపోతే నలుగురూ ఎత్తుకొచ్చి పడవలో పడుకోబెట్టారు. తల్లి ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నడి ఏట్లోకి పోగానే మోటారు దగ్గింది. ఆగిపోయింది. ఇతను అరచేతి తోలు ఊడేదాకా తాడు లాగాడు. ప్లగ్గు విప్పి చూశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత తెడ్డు పట్టుకున్నాడు. ఏరు నిండుగా ఉంది. పడవను ఎక్కడికో కిందికి లాక్కుపోయింది. ఒడ్డు దొరికేసరికి ఆయన చల్లబడిపోయాడు.

"అవ్వ ఆ దినం నుంచి నాతోని మాట్లాడదక్కా. మోటారును చూసుకోక నాయినను సంపినవ్ అన్నది. అదే ఆఖరి మాట. నేను ముందు దినమే అంతా సాఫు చేసిన. దేవుని మీద ఒట్టు. నమ్మదు. అందుకే, ఏం ఖరాబైందో నువ్వు జెప్పాలె. నా తప్పు కాదని అవ్వకు ఒక్కరన్న జెప్పాలె."

డ్రమ్ము మీంచి మోటారు విప్పి కింద పెట్టాను. ఒకే ఇంట్లో ఉంటూ ఏడాది పాటు కన్నకొడుకుతో మాట్లాడకుండా ఎట్లా ఉంటుంది ఒక మనిషి? చివరికి పాత కండెన్సరు చేతిలోకి తీసుకుని, "ఇదీ దొంగ. లోపల సచ్చింది. బయటికి కనపడదు. నువ్వు కాదు, ఎవ్వరు చూసినా తెలిసేది కాదు. మీ అవ్వకు నా నోటితోని నేనే వచ్చి చెప్త" అన్నాను.

మాటిచ్చాను. అతను కళ్లు తుడుచుకుని మోటారు ఎత్తుకుపోయాడు.

నేను గడ్డకు పోయేలోపే మోటారు నా దగ్గరికి తిరిగి వచ్చింది. మళ్లీ నడి ఏట్లో ఆగింది.

నమ్మలేకపోయాను. కొత్త కండెన్సరు, సానబెట్టిన పాయింట్లు, నా కళ్లముందు అంతసేపు నడిచిన మోటారు. కోపం నషాళానికి ఎక్కింది. "ఏం పోస్తున్నవ్ దీంట్ల? కిరసనాయిలా? నీళ్లా? ఏం చేస్తవ్ దీన్ని స్టార్ట్ చేసే ముందు, నిజం చెప్పు" అని బజారు వినేటట్టు అరిచాను.

"ఏం చేస్తనక్కా. పెట్రోలు, ఆయిలు. అంతే."

మళ్లీ కడిగాను. ఈసారి ప్లగ్గుకు కరెంటు పంపే కాయిలు మీద అనుమానపడ్డాను. కొన్ని కాయిళ్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి, వేడెక్కితే చచ్చిపోతాయి. సగం ఏరు దాటాక ఆగుతోందంటే అదే అయి ఉండాలి. పాత స్కూటరు కాయిలు ఒకటి కూర్చేటట్టు చేసి పెట్టాను. ఆ పూటంతా డ్రమ్ములో తిప్పాను. ఎక్కడా దగ్గలేదు. ఇక దీనికి చావు లేదు పో అని పంపించాను.

మళ్లీ ఆగింది. అతను ఈసారి మోటారు తీసుకురాలేదు. ఉత్తచేతులతో వచ్చి గడప దగ్గర నిలబడి, "అవ్వ చెప్పిందే నిజమేమో అక్కా. నా చేతిలనే ఏదో ఉన్నది" అన్నాడు.

ఆ మాట నన్ను ఎక్కడో కొట్టింది. "చేతిల లేదు, మూతిల లేదు. నేనే వస్త. నా కండ్ల ముందు ఆగాలె అది" అన్నాను.

నేను వెళ్లిన రోజు అమావాస్య. మావైపు అమావాస్యకు ప్రతి దుకాణంలో, ప్రతి బండికి పూజ చేస్తారు. నేనూ పొద్దున్నే నా పని బల్లకు, స్పానర్లకు కుంకుమ పెట్టి, గడప మీద నిమ్మకాయ కోసి, షట్టరు దించి సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాను. నీళ్లంటే నాకు తెలిసినవి బకెట్లోవి, డ్రమ్ములోవి. ఆ పడవలో కూర్చుని అవతలికి పోతున్నంతసేపూ అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. మోటారు మాత్రం చక్కగా నడిచింది. నాకు ఒళ్లు మండింది.

అతని తల్లి పొట్టి మనిషి. నడక చురుకు. నన్ను చూడగానే లోపలికి పిలిచి, జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. కొడుకు గుమ్మం బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ఇంకో పళ్లెంలో రొట్టె వేసి అరుగు మీద పెట్టి, గోడతో చెప్పినట్టు "ఆకలైనోళ్లు తింటరు" అంది. అతను తలవంచుకుని తిన్నాడు. వాళ్లిద్దరికీ అది అలవాటైపోయింది. నాకే ముద్ద దిగలేదు.

"వాడు తీస్కొచ్చిండా నిన్ను?" అని నన్నడిగింది. "ఆ మోటారు మీద నింద వేస్తనే ఉంటడు. మోటారేం చేస్తదమ్మా, పాపం. మూగది. చూసుకునేటోడు చూసుకోవాలె. ఆ దినం మా ఆయన నా ఒళ్లనే పోయిండు. నీళ్లు అడిగిండు. చుట్టు నీళ్లే. నా దోసిట్ల పోసిన. మింగలే."

"ఎందుకు ఆగుతుందో ఇయ్యాల తేలుస్త పెద్దమ్మా. ఏమున్నా దాచకుంట నీకే చెప్త" అన్నాను.

"చెప్పు. వాని తప్పు లేదంటె నాకంటె సంతోషపడేది ఎవరు" అంది.

మేం ఒడ్డుకు వచ్చేసరికి ఆమె పళ్లెంతో వెనకే వచ్చింది. పసుపు, కుంకుమ, రెండు ఊదువత్తులు. నేను సంచీలో స్పానరు వెతుక్కుంటూ ఉన్నాను. ఆమె మోకాలిలోతు నీళ్లలోకి దిగి టాంకీకి బొట్లు పెట్టింది, చుట్టూ ఊదువత్తులు తిప్పింది, కాసేపు కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. చివర్లో చిన్న డబ్బీ మూత తెరిచి బొటనవేలితో మోటారు వెనక వైపు ఏదో పూసింది. కొడుకుతో మాట్లాడదు, కానీ కొడుకు ఎక్కే పడవకు పూజ మానలేదు. అదెంత బాగుందో అనుకున్నాను. చూస్తూనే ఉన్నాను, కానీ నా మనసంతా కాయిలు మీదుంది.

ఇద్దరం బయల్దేరాం. ఏరు మరీ నిండుగా లేదు గానీ నడిమధ్యలో గుంజుడు బాగానే ఉంది. తుంపర ఎగిరి మోటారు మీద పడుతోంది. సగానికి వచ్చామో లేదో మోటారు ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. దుకాణంలో మిషను ఆగితే చుట్టూ బజారు ఉంటుంది. అక్కడ నీళ్ల చప్పుడు తప్ప ఏం లేదు, పడవ తనంతట తానే పక్కకు తిరుగుతోంది. వాళ్ల నాన్న పడుకున్నది ఈ పలకల మీదే కదా అనిపించింది.

"ఇదే అక్కా. గిట్లనే" అన్నాడు అతను, తెడ్డు అందుకుంటూ.

"తెడ్డు పక్కన పెట్టు. ప్లగ్గు విప్పుతా" అన్నాను. వైరు తగిలించే ఉంచి ప్లగ్గును ఇంజను మీద ఆనించాను. ఎండలో రవ్వ కనపడదు. అందుకే అతని తువ్వాలు అడిగి తీసుకుని తలమీంచి కప్పుకుని, చీకటి చేసుకుని, "లాగు తాడు" అన్నాను.

లాగాడు. ప్లగ్గు కింది కొస దగ్గర రవ్వ లేదు. కానీ పైన, తెల్లగా ఉండాల్సిన పింగాణీ మీద, సన్నటి నీలం దారం ఒకటి పాకుతూ దిగింది. ఇంకోసారి లాగమన్నాను. మళ్లీ అదే. లోపలినుంచి పోవాల్సిన కరెంటు బయటనుంచే జారిపోతోంది. తువ్వాలు తీసి చూశాను. పింగాణీ మీద పైనుంచి కిందిదాకా నల్లటి పూత. వేలు పెడితే వేలు నల్లబడింది. ఆముదం వాసన.

కాటుక. ఆముదం దీపం మీద పట్టిన మసి. మసిలో కరెంటు పారుతుంది. ఆ పింగాణీ అక్కడ ఉండేదే కరెంటు బయట తగలకుండా. తాజాగా పూసినప్పుడు నూనె ఉంటుంది కాబట్టి మోటారు అందుకుంటుంది. తుంపర పడి, వేడికి నూనె కాలిపోయి మసి ఒక్కటే మిగిలేసరికి దారి పడుతుంది. ఆ మసి ఎండి రాలిపోతే మళ్లీ పూసేదాకా ఏమనదు. ప్లగ్గు విప్పిన ప్రతివాడూ కింది కొసే చూస్తాడు, కింది కొసే తుడుస్తాడు. పైన ఎవరు చూస్తారు? నేను చూడలేదు. నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముందు పెట్రోలుతో కడిగి, అసలు దొంగను నా చేత్తో నేనే తుడిచేసి, తర్వాత కండెన్సరునూ కాయిలునూ తిట్టుకున్నాను.

"ఇదేంది?" అన్నాను, వేలు చూపిస్తూ.

అతను తేలిగ్గానే చెప్పాడు. "అవ్వ పెట్టే దిష్టిచుక్క. తెల్లగ మెరుస్తది గదా, కండ్లు పడ్తయని నల్లగ పూస్తది. నువ్వు కడిగినంక మరీ తెల్లగుందని ఇంకింత పూసింది."

"ఎప్పటినుంచి?"

"మోటారు వచ్చినకాడి నుంచి. అమాస అమాసకు..." అక్కడ ఆగిపోయాడు. నా వేలు వైపు చూశాడు, ప్లగ్గు వైపు చూశాడు.

"ఆ దినం?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆ దినం అమాసే అక్కా" అన్నాడు. "పొద్దుగాల పూజ చేసింది. నాయినకు మద్యాన్నం నొప్పి వచ్చింది."

ఆ మోటారు తిరుగుతుండగా వైరు పట్టుకుంటే కరెంటు భుజందాకా కొడుతుంది, అట్లాంటి దెబ్బలు నేను లెక్కలేనన్ని తిన్నాను. ఇది వేరు. నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. ఏమున్నా దాచకుండా నీకే చెప్తానని ఇందాకే ఆమె రొట్టె తింటూ చెప్పాను. పడవ మెల్లగా కిందికి కొట్టుకుపోతోంది, ఇద్దరిలో ఎవరికీ తెడ్డు పట్టుకోవాలని తోచలేదు.

అతనే ముందు కదిలాడు. తువ్వాలు కొసను పెట్రోలులో ముంచి పింగాణీని తుడిచాడు. తెల్లబడేదాకా తుడిచాడు, తెల్లబడ్డాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. నేను ప్లగ్గు అందుకుని బిగించాను. తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది.

"మీ అవ్వకు చెప్పకుంటె ఎట్ల?" అని మోటారు చప్పుడు మీద అరిచాను. "ఏడాది నుంచి ఈ మాట కోసమే తిరుగుతున్నవు గదా నువ్వు. నీ తప్పు కాదు. తేలిపోయింది."

అతను పడవ గడ్డ వైపు తిప్పాడు.

ఆమె ఒడ్డునే నిలబడి ఉంది. మోటారు ఆగిన సంగతీ, మళ్లీ అందుకున్న సంగతీ ఆమెకు వినపడే ఉంటాయి. పడవ ఇసుకకు తగలకముందే నీళ్లలోకి దిగి అంచు పట్టుకుంది. కొడుకు వైపు చూడకుండా నన్నే అడిగింది.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది పెద్దమ్మా" అన్నాను. తర్వాతి మాట కోసం నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు.

"నాదే తప్పవ్వా" అన్నాడు అతను.

ఆమె చెయ్యి పడవ అంచు మీద బిగుసుకుంది.

"ప్లగ్గు మీద మసి పట్టింది. తుడవాలె. ఆ దినం నేను తుడవలే. చూసుకోలే. నువ్వు చెప్పిందే నిజం." ఏడాదిగా దేవుడి మీద ఒట్లు పెట్టుకుంటూ తిరిగిన మనిషి, నా కాళ్లావేళ్లా పడిన మనిషి, ఆ మాటలు వరుసగా చెప్పుకుపోతుంటే నేను బొమ్మలా చూస్తూ కూర్చున్నాను.

ఆమె మొదటిసారి తల తిప్పి కొడుకు ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఏడుపు అందుకుంది.

"ఈ మాట ఆ దినమే అంటె నేను నోరు కట్టుకుంటుంటినారా" అంది. "మర్సిన అవ్వా అంటె అయిపోతుండె గద. ఏడాది నుంచి చూస్తున్న, ఇయ్యాల అంటడు, రేపంటడు అని." అంటూనే అతని తల దగ్గరికి లాక్కుని భుజానికి అదుముకుంది. అతను ఆమె కంటే చాలా పొడుగు. నడుం వంచి అట్లాగే ఉండిపోయాడు.

కాసేపటికి ఆమె భుజం మీదినుంచే మాట్లాడాడు. "ఇంకసారి నువ్వు మోటారు జోలికి రాకవ్వా. వేడికి చెయ్యి కాలుతది. చుక్క పడవ ముక్కుకు పెట్టు, చాలు."

"నా చెయ్యి కాలితే నీకేందిరా" అని కసిరింది, ఏడుస్తూనే. ఆ కసురులో ఎంత ప్రేమ ఉందో. అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు.

నేను సంచీ సర్దుకుంటున్నట్టు తల వంచాను. ఆమె పక్కనే వచ్చి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను అడిగింది.

"నువ్వు తెలిసినదానివి. సరిగ్గ చెప్పమ్మా. ఆ మసి ఆ దినం తుడిచి ఉంటె మోటారు ఆగకపోతుండెనా? మా ఆయన బతుకుతుండెనా?"

ఆమె వెనక నీళ్లలో నిలబడి కొడుకు నా వైపే చూస్తున్నాడు.

"బతుకు మాట నాకు తెలవదు పెద్దమ్మా" అన్నాను. "మోటారు మాత్రం ఆగకపోతుండె. తుడిచి ఉంటె ఆగకపోతుండె."

ఆమె తల ఊపి, కొడుకు చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కింది.